థాయ్‌లాండ్‌లో పోలీసులు ఆపి డబ్బులడిగితే ఏం చెయ్యాలి: మనోళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు పెరిగాక బ్యాంకాక్, పట్టాయ, ఫుకెట్ వచ్చే మన తెలుగోళ్ళు బాగా పెరిగారు, దాంతో పాటే "అన్నా పోలీసులు ఆపారు, పదివేల బాత్ అడుగుతున్నారు, ఏం చెయ్యమంటావ్" అని అర్ధరాత్రి వచ్చే మెసేజ్‌లు కూడా పెరిగాయి. ఇక్కడే ఉంటున్నా కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు, ప్రతి ఒక్కళ్ళకీ మొదట్నుంచి చెప్పలేక అన్నీ ఒకేచోట రాసేస్తున్నా. నేను లాయర్‌ని కాదు, కేసు పెద్దదైతే ఇది చదువుతూ కూర్చోకుండా లాయర్‌ని పట్టుకోండి.

థాయ్ పోలీసులు నిజంగా అంత లంచగొండులా, లేక జనం ఊరికే భయపెడతారా?

రెండూ ఉన్నాయి. వారం రోజులు తిరిగి ఒక్క పోలీసుతో కూడా మాట్లాడకుండా ఇంటికెళ్ళేవాళ్ళే ఎక్కువ. కానీ మామూళ్ళు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. 2023లో ఓవర్‌లోడ్ లారీల అద్దాలకి స్టిక్కర్ అంటించుకుంటే హైవే పోలీసులు ఆపరు, ఆ స్టిక్కర్‌కి నెలనెలా డబ్బులు కట్టాలి అన్న సంగతి బయటపడి పెద్ద రచ్చైంది. 2021లో నఖోన్ సవన్‌లో ఒక స్టేషన్ ఆఫీసరు డబ్బు కోసం డ్రగ్స్ కేసు నిందితుడి తలకి ప్లాస్టిక్ కవర్లు తొడిగి చంపేసిన వీడియో దేశమంతా చూసింది, అతనికి 2022లో జీవిత ఖైదు పడింది.

టూరిస్టుల సంగతికొస్తే 2023 జనవరిలో వచ్చిన తైవాన్ నటి కేసు తెలుసుకోండి. బ్యాంకాక్ హువాయ్ ఖ్వాంగ్ దగ్గర రాత్రిపూట చెక్‌పోస్ట్‌లో టాక్సీ ఆపి, వేప్ (ఈ-సిగరెట్) దొరికిందని పట్టుకుని 27,000 బాత్ తీసుకుని వదిలేశారని ఆమె బయటపెట్టింది. మొదట అలాంటిదేం జరగలేదన్నారు, తర్వాత పోలీసు పెద్దలే అవును తీసుకున్నారని ఒప్పుకుని ఆ బ్యాచ్ మీద యాక్షన్ తీసుకోవాల్సి వచ్చింది. సెలబ్రిటీ కాబట్టి బయటికొచ్చింది, మన మల్కాజిగిరి కుర్రాడికి జరిగితే ఎవడు రాస్తాడు.

ఎలాంటివాళ్ళని పట్టుకుంటారు?

ఏ తప్పూ లేనివాడిని పట్టుకుంటే వాళ్ళకే రిస్క్. వాళ్ళకి కావాల్సింది మీ దగ్గర ఒక చిన్న తప్పు, దానికి తోడు మీ తొందర. లైసెన్స్ లేని స్కూటీ, జేబులో వేప్, రోడ్డు మీద పడేసిన సిగరెట్ పీక, రూములో పేకాట, ఇవన్నీ చిన్న తప్పులే. రేపు పొద్దున ఫ్లైట్ ఉంది, ఫ్యామిలీ హోటల్లో వెయిట్ చేస్తోంది, ఆఫీసులో తెలిస్తే పరువు పోద్ది, ఇది తొందర. ఈ రెండిట్లో ఒకటి లేకపోయినా బేరం సాగదు. కింద నేను చెప్పేదంతా ఈ రెండూ వాళ్ళ చేతికి ఇవ్వకుండా ఎలా ఉండాలనే.

స్కూటీ రెంట్‌కి తీసుకుంటే ఏం ఇబ్బంది? మన డ్రైవింగ్ లైసెన్స్ చాలదా?

చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐడీపీ కావాలి. బయల్దేరేముందు మన ఆర్టీఓలో ఫారం 4ఏ కట్టి తెచ్చుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. అందులో టూ వీలర్ క్లాస్ ఉందో లేదో చూసుకోండి, కారు ఒక్కటే ఉంటే స్కూటీకి పనికిరాదు. రెంటల్ షాపువాడు లైసెన్స్ అడగడు, "నో ప్రాబ్లెం" అంటాడు, వాడికి ప్రాబ్లెం లేదు నిజమే, ఉండేది మీకు. పోలీసుల సంగతి పక్కనపెట్టండి, లైసెన్స్ లేకుండా పడి కాలు విరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు, ఫుకెట్ ప్రైవేట్ హాస్పిటల్ బిల్లు ముందు ఏ లంచమైనా చిల్లరే.

హెల్మెట్ కూడా వెనకాల కూర్చున్నవాళ్ళకి కూడా ఉండాలి. 2022 సెప్టెంబర్ నుంచి హెల్మెట్ లేకపోతే ఫైన్ 2,000 బాత్ దాకా వెయ్యొచ్చు. 2,000 అనేది పై లిమిట్, ప్రతిసారీ అంత వెయ్యరు, కానీ మిమ్మల్ని భయపెట్టడానికి ఆ నంబరే ముందు చెప్తారు.

ఒకటి చెప్తా. గుంటూరు తమ్ముడొకడు ఫుకెట్లో కొండ దిగే రోడ్డు మీద దొరికాడు, హెల్మెట్ ఉంది, ఐడీపీ లేదు. పోలీసాయన కాలిక్యులేటర్ మీద 3000 కొట్టి చూపించి, వెనకాల టెంటు వైపు రమ్మని సైగ చేశాడు. వీడు నవ్వుతూ చేతులు జోడించి "ఓకే సార్, టికెట్ ప్లీజ్, స్టేషన్ ఓకే" అన్నాడు, హెల్మెట్ తీసి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కాలిక్యులేటర్ మీద 2000 కొట్టాడు, తర్వాత 1000 కొట్టాడు, వీడు ప్రతిసారీ అదే నవ్వు, అదే మాట. ఈలోపు ఇంకో నాలుగు బళ్ళు దొరికాయి, ఆ బళ్ళవాళ్ళు టెంటు వెనక్కెళ్ళి డబ్బులిచ్చేసి పోతున్నారు, వీడు మాత్రం కుర్చీ వదలట్లేదు. చివరికి విసుక్కుని 500కి చలానా రాసిచ్చాడు. వాడు చేసింది ఇంకేం లేదు, కదలకుండా కూర్చోవడమే.

అసలు ఫైనా, లంచమా అని ఎలా తెలుస్తుంది?

కాగితం. ఫైన్ అయితే చలానా ఉంటుంది, దాన్ని స్టేషన్లోనో బ్యాంకులోనో కట్టొచ్చు, కట్టాక రసీదు వస్తుంది. అంతా థాయ్‌లోనే ఉంటుంది, కంగారు పడకండి, తేదీ దగ్గర 2568, 2569 అని కనిపిస్తే దొంగ రసీదు అనుకోకండి, వాళ్ళది బుద్ధ శకం, మన లెక్కకి 543 ఏళ్ళు ఎక్కువ ఉంటుంది. ఫోన్‌లో కెమెరా ట్రాన్స్‌లేట్ పెడితే తప్పు ఏంటి, ఎంత అనేది అర్థమైపోతుంది.

కాగితం లేకుండా క్యాష్ మాత్రమే అంటే, నోటు చేతికి కాకుండా పుస్తకం కింద పెట్టమంటే, పాస్‌పోర్ట్ లోపల పెట్టి ఇమ్మంటే, ఏటీఎం దాకా వెంటొస్తానంటే అది ఫైన్ కాదు. ఏటీఎం మాట వచ్చిందంటే ఇక ఏ డౌటూ పెట్టుకోవద్దు.

మనమే ముందు "సార్ ఏదో ఒకటి చూడండి" అంటే పని తొందరగా అవుతుంది కదా?

ఇది మనకి ఊళ్ళో అలవాటైన పద్ధతి, ఇక్కడ దీనంత ప్రమాదం ఇంకోటి లేదు. థాయ్ క్రిమినల్ కోడ్ సెక్షన్ 144 ప్రకారం ఆఫీసరుకి లంచం ఇవ్వజూపినా నేరమే, ఐదేళ్ళ దాకా జైలు, లక్ష బాత్ దాకా ఫైన్. మీకు పడింది 500 బాత్ చలానా, మీ నోటితో మీరే దాన్ని ఐదేళ్ళ కేసు చేసుకుంటారా? పైగా అవతలివాడు నిజాయితీపరుడైతే అక్కడే అరెస్ట్, కాకపోతే ఇప్పుడు రేటు పదింతలు, ఎందుకంటే మీరు భయపడ్డారని తెలిసిపోయింది. పర్సు తియ్యొద్దు, నోట్లు లెక్కపెట్టొద్దు, లంచం మాట మీ నోట్లోంచి రావొద్దు. "ప్లీజ్ గివ్ మీ టికెట్" ఒక్కటే అనండి.

ఇవ్వకపోతే లాకప్‌లో వేస్తామంటున్నారు, పక్కన భార్యాపిల్లలు ఉన్నారు, అప్పుడు?

ఇక్కడ హీరోయిజం చెప్పను. మారుమూల రోడ్డు, రాత్రి, పిల్లలున్నారు, వాళ్ళు తాగున్నారు అనిపిస్తే ముందు సేఫ్‌గా బయటపడండి, పోయింది డబ్బే. బెదిరించి డబ్బు లాక్కోవడం వాళ్ళ నేరం, సెక్షన్ 148 కింద ఆఫీసరుకి ఐదేళ్ళ నుంచి జీవిత ఖైదు, ఇంకా పైన కూడా ఉంది. కాబట్టి బయటికొచ్చాక టైం, చోటు, బండి నంబరు, ఎంత ఇచ్చారో వెంటనే ఫోన్‌లో రాసుకోండి. కానీ పట్టపగలు, జనం ఉన్న చోట "జైలు జైలు" అంటుంటే నూటికి తొంభై సార్లు అది బేరమే. "సరే స్టేషన్‌కి పోదాం" అనండి, స్టేషన్‌లో సీసీ కెమెరాలుంటాయి, పై ఆఫీసర్లుంటారు, అక్కడికి తీసుకెళ్ళాలంటే వాళ్ళకే బద్ధకం, రోడ్డు మీద కలెక్షన్ ఆగిపోద్ది కదా.

తాగి బండి నడిపి దొరికితే?

ఇది వేరే కథ. లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్, లైసెన్స్ లేనివాళ్ళకైతే 20 మాత్రమే, అంటే ఒక బీరుకే దాటిపోవచ్చు. రోడ్డు మీద ఫైన్ కట్టి పోయే కేసు కాదిది, కోర్టుకి వెళ్ళాలి, అందుకే పెద్ద మొత్తాల బేరాలన్నీ ఇక్కడే నడుస్తాయి. నా దగ్గర ఉపాయం ఏమీ లేదు, గ్రాబ్ (యాప్ టాక్సీ) ఎక్కండి.

వేప్ ఇక్కడ రోడ్డు మీదే అమ్ముతున్నారు, మరి తప్పేంటి?

అమ్మేవాడూ తప్పే, తెచ్చేవాడూ తప్పే. 2014 నుంచి ఇంపోర్ట్ బ్యాన్, మీ సూట్‌కేసులో తెచ్చినా అది ఇంపోర్టే, పదేళ్ళ దాకా జైలు అని రాసుంది. దగ్గర ఉంచుకుంటే కస్టమ్స్ చట్టం సెక్షన్ 246 పెడతారు, అందులోనూ ఐదేళ్ళ దాకా ఉంది. పేపర్ మీద శిక్ష ఇంత పెద్దది, రోడ్డు మీద జనం అందరూ తాగుతూనే ఉంటారు, ఈ రెండిటి మధ్య ఉన్న గ్యాప్‌లోనే వాళ్ళ సంపాదన. 20,000, 30,000 బాత్ అడగడానికి ఇంతకంటే మంచి సాకు లేదు. హైదరాబాద్‌లోనే పెట్టేసి రండి. ఇప్పటికే దొరికితే గీరగా వాదించకండి, ఆ చట్టం వాళ్ళ వైపే ఉంది, స్టేషన్, రికార్డు, రసీదు అని అడుగుతూ ఉండండి.

సిగరెట్ పీక పడేస్తే 2,000 అడిగారు, అది లంచమేనా?

కాకపోవచ్చు. బ్యాంకాక్‌లో సుఖుమ్‌విత్, అసోక్ చుట్టుపక్కల చిన్న బల్ల వేసుకుని కూర్చునేది పోలీసులు కాదు, మున్సిపాలిటీవాళ్ళు, తేసకిత్ అంటారు. చెత్త వేస్తే 2,000 బాత్ దాకా ఫైన్ వేసే అధికారం వాళ్ళకుంది. గొడవేంటంటే పక్కనే లోకల్ పడేసినా చూడరు, ఫారినర్ పడేస్తే పరిగెత్తుకొస్తారు. రసీదు అడగండి, "దాకా" అని ఉంది కాబట్టి తగ్గించమని మర్యాదగా అడగడం తప్పు కాదు, చాలాసార్లు తగ్గిస్తారు. బీచ్‌లో సిగరెట్ మాత్రం అసలొద్దు, 2018 నుంచి పేరున్న బీచ్‌లలో నిషేధం, ఫైన్ లక్ష దాకా ఉంది.

ఫ్రెండ్స్ అందరం రూములో రమ్మీ ఆడుకుంటే వాళ్ళకేంటి నొప్పి?

సంక్రాంతికి మనకి ముక్కలు లేకపోతే ముద్ద దిగదు, తెలుసు. కానీ ఇక్కడ పేకముక్కల మీద కూడా చట్టం ఉంది, పర్మిషన్ లేకుండా 120 కంటే ఎక్కువ ముక్కలు దగ్గర పెట్టుకోకూడదు. రెండు డెక్కులు జోకర్లతో కలిపి 108, బతికిపోతారు, మూడో డెక్కు కలిపారంటే 162, దొరికిపోతారు. జోక్ అనుకుంటున్నారేమో, 2016 ఫిబ్రవరిలో పట్టాయలో బ్రిడ్జ్ ఆడుకుంటున్న 32 మంది ఫారిన్ ముసలాళ్ళని పట్టుకెళ్ళారు, అందులో 84 ఏళ్ళ ముసలావిడ కూడా ఉంది, ఒక్కొక్కళ్ళు 5,000 బాత్ బెయిల్ కట్టి బయటికొచ్చారు. డబ్బులు పెట్టి ఆడితే ఇంకా వేరే చట్టం. 2023 మేలో పట్టాయ హోటల్లో రైడ్ చేసి 93 మందిని పట్టుకుంటే 83 మంది ఇండియన్సే, ఆ వార్త మన టీవీల్లో వారం రోజులు తిప్పారు, గుర్తుండే ఉంటుంది. అప్పట్నుంచి ఇండియన్స్ గుంపుగా ఒక రూములో ఉంటే ఒక కన్నేసి ఉంచుతారని ఇక్కడ అందరూ అనుకునే మాట.

రోడ్డు మీద ఆపి జేబులు చూపించమంటే, యూరిన్ టెస్ట్ చెయ్యాలంటే?

సరైన అనుమానం ఉంటేనే పబ్లిక్‌లో తనిఖీ చెయ్యాలని చట్టం, కానీ ఆ అనుమానం ఏంటో మీతో చర్చించరు. అడ్డు చెప్పకండి, చెక్ చేసుకోనివ్వండి, కాకపోతే మీ జేబుల్లో వస్తువులు మీరే ఒక్కొక్కటి తీసి వెలుతురులో బల్ల మీద పెట్టండి, వాళ్ళ చేతులు మీ జేబుల్లోకి, బ్యాగులోకి పోకుండా చూసుకోండి, పోతే కళ్ళు తిప్పకండి. చెక్‌పోస్ట్‌లో భుజం మీద నక్షత్రాలున్న ఆఫీసరు ఒకరైనా ఉన్నారా చూడండి, చేతికి గీతలు మాత్రమే ఉన్నవాళ్ళు కింది స్థాయి. ఎవరూ లేకపోతే "ఆఫీసర్ ప్లీజ్" అని అడగండి. యూరిన్ టెస్ట్ కూడా రోడ్డు పక్కన కాకుండా స్టేషన్‌లో చేస్తే ఒప్పుకుంటానని చెప్పండి. 2014 చివర్లో సుఖుమ్‌విత్‌లో ఈ టెస్టుల గొడవ ఎంబసీల దాకా పోయింది, అప్పట్నుంచి కాస్త తగ్గింది.

పాస్‌పోర్ట్ లాక్కుంటే? అసలు వెంట పెట్టుకుని తిరగాలా?

అసలుది దగ్గరుండాలనే అంటారు, కానీ మామూలు చెకింగ్‌లో ఫోటో పేజీ, ఎంట్రీ స్టాంప్ పేజీ కాపీలు చూపిస్తే చాలావరకు సరిపోతుంది. నేనైతే అసలుది రూమ్ లాకర్‌లోనే పెట్టమంటా, "హోటల్లో ఉంది, కావాలంటే కలిసి వెళ్ళి తెద్దాం" అనొచ్చు. పాస్‌పోర్ట్ చేతికి వచ్చిందంటే బేరం వాళ్ళ చేతికి పోయినట్టే. మన 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, ఇవ్వనంటే "ఎంబసీకి ఫోన్ చేస్తా" అని నెమ్మదిగా చెప్పండి, అరవకండి. స్కూటీ షాపువాడికి, జెట్ స్కీ వాడికి డిపాజిట్‌గా మాత్రం చచ్చినా ఇవ్వొద్దు.

జెట్ స్కీ డ్యామేజ్ అయిందని 50,000 అడిగారు, పోలీసులొచ్చి వాళ్ళ వైపే మాట్లాడారు.

పట్టాయ, ఫుకెట్లలో ఏళ్ళ తరబడి నడుస్తున్న నాటకమిది. గీత ముందే ఉంటుంది, నీళ్ళలో కనపడదు, ఒడ్డుకి లాగాక కనపడుతుంది. పోలీసొచ్చి "సగానికి సెటిల్ చేసుకోండి" అని పెద్దమనిషి తరహాలో చెప్తాడు, ఆ సగమే వాళ్ళకి కావాల్సింది. ఎక్కేముందు నాలుగువైపులా, కిందా కూడా వీడియో తియ్యండి, తియ్యనివ్వకపోతే ఎక్కకండి. ఇరుక్కుంటే టూరిస్ట్ పోలీస్‌కి చెయ్యండి, బీచ్‌లో ఏదీ సంతకం పెట్టొద్దు.

స్టేషన్‌కి నిజంగానే తీసుకెళ్ళారు. ఇప్పుడేంటి?

ముందు 1155, టూరిస్ట్ పోలీస్, 24 గంటలూ ఉంటారు, ఇంగ్లీషు మాట్లాడతారు. వాళ్ళూ పోలీసులే కదా అంటారు, నిజమే, కానీ లోకల్ స్టేషన్‌కి బయటి మనిషి ఒకడు లైన్లోకి రావడమే పెద్ద తేడా. తర్వాత ఇండియన్ ఎంబసీ. బ్యాంకాక్‌లో సుఖుమ్‌విత్ సోయ్ 23లో ఉంది, చియాంగ్ మాయ్‌లో కాన్సులేట్ ఉంది. అరెస్ట్ అయితే మీ ఎంబసీకి చెప్పమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఆర్టికల్ 36 ఇస్తుంది. లాయర్‌ని, ఇంటివాళ్ళని కాంటాక్ట్ చెయ్యడం, దుబాసీని అడగడం థాయ్ చట్టంలోనే ఉన్న హక్కులు. స్టేషన్‌కి తెచ్చాక 48 గంటల్లోపు కోర్టు ముందు పెట్టాలి. ఇంకోటి, చిత్రహింసల నిరోధానికి 2022లో తెచ్చిన చట్టం ప్రకారం అరెస్ట్ చేసినప్పట్నుంచి వీడియో, ఆడియో రికార్డ్ చెయ్యాలి, ఆ రికార్డింగ్ ఉందా అని అడగండి, అడిగేసరికే సగం గాలి పోద్ది.

థాయ్‌లో రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. తప్పదంటే పక్కన తెలుగులోనో ఇంగ్లీషులోనో "నాకు ఇది అర్థం కాలేదు" అని రాసి పెట్టండి.

ఎంబసీ వచ్చి విడిపించి తీసుకుపోతుందని మాత్రం అనుకోకండి, అది వాళ్ళ పని కాదు. లాయర్ల లిస్ట్ ఇస్తారు, ఇంటికి కబురు చేస్తారు, డబ్బు లేనివాళ్ళకి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి లాయర్‌కి, చిన్న ఫైన్లకి సాయం చెయ్యొచ్చు, అడగాలి. ఇంట్లోవాళ్ళు ఇండియా నుంచి మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కంప్లైంట్ పెడితే దానికొక నంబరు వస్తుంది, ఫాలో అప్ చేసుకోవచ్చు. ఆంధ్రావాళ్ళకి ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ కూడా ఉంది.

వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టేస్తే దిగొస్తారు కదా?

తియ్యడం వేరు, పెట్టడం వేరు. మొహం మీద ఫోన్ పెట్టి తీస్తే రేగిపోతారు, కారులో ఉంటే డ్యాష్‌క్యామ్ పని చేస్తూ ఉంటే చాలు, లేదా ఫ్యామిలీకి వీడియో కాల్ చేసి "ఇక్కడున్నాం" అని మామూలుగా మాట్లాడండి. పెట్టడం మాత్రం దేశం దాటేదాకా వద్దు. ఇక్కడ పరువు నష్టం క్రిమినల్ కేసు, రెండేళ్ళ దాకా జైలు, నిజం చెప్పినా కేసు పెట్టడం ఆగదు. 2020లో ఒక హోటల్ మీద బ్యాడ్ రివ్యూ రాసిన అమెరికన్‌ని అరెస్ట్ చేశారంటే అర్థం చేసుకోండి. డ్యూటీలో ఉన్న ఆఫీసరుని తిడితే దానికి ఇంకో సెక్షన్, 136. తెలుగులో తిడితే వాడికేం తెలుస్తుంది అనుకోవద్దు, టోన్ అన్ని భాషల్లో ఒకటే.

తర్వాత కంప్లైంట్ ఎక్కడ?

పోలీస్ హెడ్‌క్వార్టర్స్ హాట్‌లైన్ 1599, అవినీతి నిరోధక కమిషన్ 1205. టూరిస్ట్ పోలీస్ 1155కి చెప్పినా రికార్డ్ అవుతుంది. నిజం చెప్పాలంటే ఊరెళ్ళిపోయాక 2,000 బాత్ కోసం ఎవరూ వెంటపడరు, వెంటపడినా సాక్ష్యం లేకపోతే ముందుకి పోదు. కానీ టైం, చోటు, ఏటీఎం స్లిప్ ఉంటే పెట్టండి, టూరిస్టుల పరువు విషయంలో థాయ్ గవర్నమెంట్‌కి భయం చాలా ఎక్కువ, తైవాన్ కేసులో కదిలింది దాంతోనే.

ఆపినవాళ్ళు అసలు పోలీసులేనా అని డౌట్ వస్తే?

యూనిఫాం లేకుండా కార్డు ఊపి చూపిస్తే 191కి ఫోన్ చేస్తున్నానని చెప్పి చెయ్యండి. అసలువాళ్ళయితే ఆగుతారు, దొంగలైతే మాయమవుతారు. కారెక్కమంటే ఎక్కొద్దు.

ఓవర్‌స్టే అయింది, డబ్బిస్తే స్టాంప్ సెట్ చేస్తానని ఏజెంట్ అంటున్నాడు.

వద్దు. అసలు లెక్క చాలా సింపుల్, రోజుకి 500 బాత్, మ్యాక్సిమం 20,000, ఎయిర్‌పోర్ట్‌లో కట్టి రసీదు తీసుకుని వెళ్ళిపోవచ్చు. 90 రోజుల్లోపు ఉండి మీ అంతట మీరే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే బ్యాన్ పడదు, 90 దాటితే ఏడాది బ్యాన్, ఇంకా ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. అదే మధ్యలో పోలీసులకి దొరికితే ఒక్కరోజైనా ఐదేళ్ళు రానివ్వరు, ఏడాది దాటాక దొరికితే పదేళ్ళు. ఆ ఏజెంట్ వేసే దొంగ స్టాంప్ ఇమిగ్రేషన్ కంప్యూటర్‌లో ఉండదు, అప్పుడు ఓవర్‌స్టే మీద ఫోర్జరీ కూడా పడుతుంది. టికెట్ బుక్ చేసుకుని, 20,000 క్యాష్ విడిగా పెట్టుకుని, ఫ్లైట్‌కి నాలుగ్గంటల ముందే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళండి, దారిలో స్కూటీ ఎక్కకండి.